ప్లానర్, జర్నల్, ఆల్బమ్: ఏ పనికి ఏ కాగితం, ఏ పెన్ను

రేపు చేయాల్సిన పనుల జాబితా వారం తిరిగేసరికి చెత్తబుట్టలో ఉంటుంది. రాత్రి పడుకునే ముందు రాసుకునే డైరీని పదేళ్ల తర్వాత మనమే మళ్లీ తెరుస్తాం. పిల్లల ఆల్బమ్‌ను వాళ్ల పిల్లలు తిరగేస్తారు. షాపులో మాత్రం ఈ మూడు పనుల సామానూ ఒకే అరలో, ఒకే రకం రంగుల అట్టలతో కనిపిస్తుంది. దాంతో డబ్బు పెట్టాల్సిన చోట పెట్టకుండా, అక్కర్లేని చోట పెడుతుంటాం. వెయ్యి రూపాయల ప్లానర్‌లో పాల లెక్క రాసి, పాప మొదటి పుట్టినరోజు ఫొటోలను చవక ప్లాస్టిక్ ఆల్బమ్‌లో దోపే ఇళ్లు చాలా ఉన్నాయి.

నేను స్టేషనరీ ఎంచుకునేటప్పుడు ముందు వేసుకునే ప్రశ్న ఒకటే. ఈ రాత ఎన్నాళ్లు ఉండాలి? నెలా, ఏడాదా, నలభై ఏళ్లా? ఆ జవాబు తేలితే కాగితం, సిరా, జిగురు చాలావరకు తేలిపోయినట్టే. ధర, అందం, బ్రాండ్ ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు మన అక్షరాల సంగతి

జర్నల్ నోట్‌బుక్కుల మీద వచ్చే సలహాల్లో చాలా భాగం ఇంగ్లిష్ రాసే చేతులకు సరిపోయేవి. తెలుగులో రాసుకునేవాళ్లకు అవి అన్నీ కుదరవు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద ఒత్తులు దిగుతాయి. లక్ష్మి, రాష్ట్రం, జ్యోత్స్న లాంటి మాటలు పక్కపక్కన పడితే పై వరుస ఒత్తు వచ్చి కింది వరుస గుడికి తగులుతుంది. మన బడి నోట్‌బుక్కుల్లో గీతకూ గీతకూ మధ్య దాదాపు 8 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి ఇబ్బంది తెలియదు. విదేశీ జర్నళ్లలో సాధారణంగా 6, 7 మిల్లీమీటర్లే. ముగ్గు చుక్కల్లా వరుసగా చుక్కలు అచ్చువేసిన పేజీలు ఇప్పుడు బాగా వాడుకలో ఉన్నాయి కదా, వాటిలో చుక్కకూ చుక్కకూ మధ్య 5 మిల్లీమీటర్లు. జపాన్ వాళ్ల హోబోనిచి టెచో ప్లానర్‌లో గడి 3.7 మిల్లీమీటర్లు మాత్రమే.

కాబట్టి తెలుగులో పేజీలకు పేజీలు రాసే అలవాటుంటే 8 మిల్లీమీటర్ల గీతలున్నదో, గీతలే లేని తెల్ల పేజీదో తీసుకోండి. చుక్కల పేజీయే ఇష్టమైతే రెండు గడులకు ఒక వరుస చొప్పున రాయాలి. ఏ5 సైజు (ఏ4లో సగం) పేజీలో అలా ఇరవై వరుసలు పడతాయి. రోజుకు ఒక పేజీ రాసేవాళ్లకు అది చాలు. హోబోనిచి లాంటి చిన్న గడుల ప్లానర్‌ను తెలుగులో రాసేవాళ్లకు నేను సిఫారసు చేయను. కాగితం ఎంత గొప్పదైనా, అక్షరాలు ఇరుకున పడితే నెల తిరక్కుండానే రాయడం మానేస్తారు.

పెన్ను ములికి కూడా ఇదే లెక్క. మ, య, ఘ, ఝ లాంటి అక్షరాల్లో చిన్న చిన్న చుట్లు ఉంటాయి. 1.0 మిల్లీమీటర్ ములికితో చిన్నగా రాస్తే ఆ చుట్లు పూడుకుపోతాయి. 0.5 అన్నిటికీ సరిపోతుంది. 0.7 అయితే కాస్త పెద్దగా రాయాలి. 0.3 ములికి బొమ్మలకు బాగుంటుంది కానీ, మన గుండ్రటి రాత వేగంగా రాస్తుంటే కాగితాన్ని గీరినట్టుగా ఉంటుంది.

ప్లానింగ్‌కి: తక్కువ ఖర్చు, రోజూ చూసే చోటు

ప్లానర్ పని గుర్తుచేయడం, అంతే. ఏడాది దాటాక దాని విలువ చాలావరకు అయిపోతుంది. అందువల్ల ఇక్కడ కాగితం నాణ్యతకన్నా అది కంటికి ఎంత తరచుగా కనిపిస్తుందన్నది ముఖ్యం.

ఇంటి పనులకు గోడ క్యాలెండర్‌ను మించినది నాకు కనపడలేదు. తిథులు, పండుగలు, వర్జ్యాలతో పెద్ద అంకెల్లో అచ్చయ్యే మన తెలుగు క్యాలెండర్‌లో ప్రతి తేదీ పక్కనా ఖాళీ గడి ఉంటుంది. పాలు రాని రోజు, గ్యాస్ సిలిండర్ వచ్చిన రోజు, పనమ్మాయి సెలవు, కరెంటు బిల్లు గడువు అన్నీ అందులోనే రాయొచ్చు. ఇంట్లో అందరూ చూస్తారు, అందరూ రాస్తారు. ఏ ఖరీదైన ప్లానర్‌కీ ఈ సదుపాయం లేదు. దారం కట్టిన పెన్నును పక్కనే మేకుకు తగిలించండి, అదొక్కటే కావాల్సింది.

తేదీలు అచ్చువేసిన డైరీలు జనవరిలో బ్యాంకుల నుంచీ, ఎల్ఐసీ ఏజెంట్ల నుంచీ, ఆఫీసుల నుంచీ వస్తూనే ఉంటాయి. రోజుకొక పేజీ ఉన్న డైరీ డాక్టర్లకు, లాయర్లకు, రోజంతా అపాయింట్‌మెంట్లు ఉన్నవాళ్లకు పనికొస్తుంది. మిగిలినవాళ్లకు మూడొంతుల పేజీలు ఖాళీగా మిగిలి, చూసిన ప్రతిసారీ బెంగ పుట్టిస్తాయి. వారం మొత్తం రెండు పేజీల్లో కనిపించే డైరీ వాళ్లకు మేలు. ఇంకో సంగతి, మన ఇళ్లల్లో ఏడాది జనవరిలో మొదలవదు. బడులు జూన్‌లో తెరుస్తారు, లెక్కలు ఏప్రిల్‌లో మొదలవుతాయి, పెళ్లిళ్లు ముహూర్తాలను బట్టి నడుస్తాయి. పిల్లల చదువు చుట్టూ ప్లాన్ చేసుకునే అమ్మానాన్నలు, టీచర్లు తేదీలు లేని ప్లానర్ కొనుక్కుని జూన్‌లో మొదలుపెడితే ఒక్క పేజీ వృథా కాదు.

బుల్లెట్ జర్నల్ పద్ధతి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసి భయపడి వదిలేసినవాళ్లు చాలామంది. అమెరికాకు చెందిన డిజైనర్ రైడర్ కారొల్ 2013లో దీన్ని అందరికీ పరిచయం చేశాడు. ఆయన చెప్పిన అసలు పద్ధతిలో రంగులు, బొమ్మలు, అలంకారాలు ఏవీ లేవు. పనికి ఒక చుక్క, జరగబోయేదానికి ఒక చిన్న సున్నా, గుర్తుంచుకోవాల్సిన మాటకు ఒక అడ్డగీత. పని అయిపోతే చుక్క మీద ఇంటూ. కాకపోతే బాణం గుర్తు పెట్టి తర్వాతి నెలకు మార్చడం. ముందు పేజీల్లో విషయసూచిక. ఇంతే. దీనికి ముప్పై రూపాయల నోట్‌బుక్కూ, పది రూపాయల బాల్ పెన్నూ చాలు. క్లాస్‌మేట్ లాంటి బడి నోట్‌బుక్ అయినా, ఇంట్లో పడి ఉన్న రఫ్ నోట్స్ అయినా సరే. పూల తీగలు గీసుకోవడం ఇష్టమైతే తప్పకుండా గీసుకోండి, కానీ అది వేరే సరదా. దాన్ని ప్లానింగ్‌తో కలిపితే పనులు రాయడం కన్నా పేజీ ముస్తాబుకే సాయంత్రం అయిపోతుంది.

రింగ్ బైండర్లు వాడేవాళ్లకు వాటి మీద గట్టి అభిమానం ఉంటుంది. పేజీలు తీసి మార్చుకోవచ్చు, కొత్తవి చేర్చుకోవచ్చు. ప్రాజెక్టుల మీద పనిచేసేవాళ్లకు, ఇల్లు కడుతున్నవాళ్లకు, పెళ్లి ఏర్పాట్లు చూస్తున్నవాళ్లకు ఇదే సరైనది. కేటరింగ్, మండపం, బట్టలు, అతిథుల జాబితా ఒక్కొక్కటీ ఒక విభాగంగా పెట్టుకుని, పని అయిన కాగితాలు తీసేయొచ్చు. కానీ ఎడమ పేజీ మీద రాసేటప్పుడు రింగులు చేతికి అడ్డొస్తాయి. చిల్లుల దగ్గర కాగితం చిరుగుతుంది కూడా, కాబట్టి 80 జీఎస్ఎం (ఒక చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో; ఎక్కువైతే మందం) కన్నా తక్కువ కాగితం అందులో పెట్టకండి. ఎడమ చేత్తో రాసేవాళ్లయితే రింగులూ, స్పైరల్ బైండింగూ రెండూ వద్దు. కుట్టు బైండింగ్ పుస్తకమే తీసుకోండి.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లకు నా జవాబు ఇది. టైముకు మోగాల్సినవన్నీ ఫోన్‌లో పెట్టండి, అంటే మందులు, రైలు, మీటింగ్ లాంటివి. ఆలోచించి తేల్చుకోవాల్సినవి కాగితం మీద పెట్టండి. రెండూ ఉంచుకోవడంలో తప్పేమీ లేదు.

జర్నల్‌కి: కాగితం, సిరా జోడీ

డైరీ రాసేవాళ్లు కాగితం మందం చూసే ముందు తమ పెన్ను ఏదో తేల్చుకోవాలి. బాల్ పెన్నుతో రాసేవాళ్లకు 55, 60 జీఎస్ఎం మామూలు నోట్‌బుక్ కూడా చాలు, ఎందుకంటే దాని సిరా నూనె ఆధారంగా ఉండి కాగితంలోకి పెద్దగా ఇంకదు. జెల్ పెన్నుకు 70 నుంచి 80 కావాలి. ఫౌంటెన్ పెన్నుకు 80 పైన ఉంటే మంచిది, కానీ మందం ఒక్కటే సరిపోదు. కాగితం పైపొర ఎలా ఉందన్నది అంతకన్నా ముఖ్యం. జపాన్ టోమోయ్ రివర్ కాగితం 52 జీఎస్ఎం మాత్రమే, పల్చగా ఉల్లిపొరలా ఉంటుంది. అయినా ఫౌంటెన్ పెన్ను సిరా దాని మీద పాకదు, వెనక్కి కారదు. కాకపోతే ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, వెనక పేజీ రాత నీడలా కనిపిస్తుంది. విదేశీ నోట్‌బుక్కుల్లో మోల్‌స్కిన్ క్లాసిక్‌లో 70 జీఎస్ఎం, ‘లాయిష్ట్‌టుర్మ్ 1917’ అనే దానిలో 80 జీఎస్ఎం కాగితం వాడతారు. ఈ రెండింటిలో ఒకటి చెప్పమంటే లాయిష్ట్‌టుర్మ్ అంటాను. పేజీ నంబర్లు, విషయసూచిక ముందే అచ్చయి ఉంటాయి, ఫౌంటెన్ పెన్నుకు కాగితం మోల్‌స్కిన్ కన్నా బాగా తట్టుకుంటుంది.

అయితే రెండూ ఖరీదైనవే. నాకు అన్నిటికన్నా నచ్చిన దారి మన వీధి చివర జిరాక్స్ షాపులో ఉంది. 90 లేదా 100 జీఎస్ఎం బాండ్ పేపర్ ఒక కట్ట కొనండి. లేత బూడిద రంగులో 8 మిల్లీమీటర్ల గీతల పేజీని కంప్యూటర్‌లో తయారుచేసుకుని, ఏ4 కాగితం మీద పక్కపక్కన రెండు పేజీలు పడేలా రెండు వైపులా ప్రింట్ తీయించండి. మధ్యకు కోయిస్తే ఏ5 సైజు అవుతుంది. వైరో (తీగ చుట్ల) బైండింగ్ అయితే అక్కడే చేసిస్తారు. థీసిస్‌లకు, లైబ్రరీ పుస్తకాలకు బైండింగ్ చేసేవాళ్లు దగ్గర్లో ఉంటే కాలికో (గుడ్డ) బైండింగ్ అడగండి. కోయకుండా ఏ4 కాగితాలనే మధ్యకు మడిచి, విడతలుగా కుట్టి, గట్టి అట్ట వేయమని చెప్పండి. గమ్‌తో మాత్రమే అంటించిన పుస్తకం వేసవుల్లో వేడికి పేజీలు వదిలేస్తుంది, కుట్టినది వదలదు. మీ అక్షరాలకు తగిన గీతలు, మీ పెన్నుకు తగిన కాగితం, విదేశీ జర్నల్ ధరలో చిన్న భాగం. కొనే ముందు బాండ్ పేపర్ ఒక షీట్ అడిగి తీసుకుని, మీ పెన్నుతో నాలుగు వరుసలు రాసి, ఆరాక వెనక తిప్పి చూసుకోండి.

పెన్నుల దగ్గర ఫౌంటెన్ పెన్నుదే నా మొదటి ఓటు. నొక్కి రాయాల్సిన పని లేదు కాబట్టి చెయ్యి త్వరగా అలిసిపోదు, రాత నెమ్మదిస్తుంది, ఆలోచన కూడా దానితో నడుస్తుంది. తెలుగువాళ్లకు ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది. రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు మొదలుపెట్టిన రత్నం పెన్నులు స్వదేశీ ఉద్యమం నుంచి పుట్టినవి. తనకు పంపిన పెన్నును మెచ్చుకుంటూ గాంధీజీ 1935లో రాసిన ఉత్తరం ఆ పెన్నుల పేరును దేశమంతా తీసుకెళ్లింది. ఎబొనైట్ అనే గట్టి రబ్బరుతో చేత్తో తయారుచేసే పెన్నులు అక్కడ ఈనాటికీ దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే ఆబిడ్స్ దక్కన్ పెన్ స్టోర్స్‌కి వెళ్లి, పాళీని మీ చేతికి తగినట్టు చూపించుకుని కొనుక్కోవడం మంచిది. ఫౌంటెన్ పెన్నును రాసి చూడకుండా ఆన్‌లైన్‌లో కొనకండి, ముఖ్యంగా మొదటిసారి.

సిరాల దగ్గరే అసలు తేడా వస్తుంది. బ్రిల్, క్యామెల్, సులేఖ లాంటి మామూలు ఫౌంటెన్ పెన్ సిరాలు ఎక్కువగా రంగు నీళ్లలో కరిగిన రకం. రాయడానికి హాయిగా ఉంటాయి, పెన్నుకు హాని చేయవు. కానీ ఒక్క నీటి చుక్క పడితే రాత చెదిరిపోతుంది, ఎండ తగిలితే ఏళ్లలో వెలిసిపోతుంది. పైలట్ వీ5 లాంటి ద్రవ సిరా పెన్నులదీ ఇదే తీరు. నీళ్లలో కరగని సన్నటి రంగు పొడితో చేసే సిరాలు ఉన్నాయి, వాటిని పిగ్మెంట్ సిరాలంటారు. యూనీబాల్ ఐ, యూనీ పిన్, సకురా పిగ్మా మైక్రాన్ ఈ రకం. ఎండకు, తడికి రెండింటికీ తట్టుకుంటాయి. పదేళ్లు దాటి ఉండాల్సిన డైరీని పిగ్మెంట్ సిరాతో రాయడమే సరైనది. ఫౌంటెన్ పెన్నులో పోసుకునే పిగ్మెంట్ సిరాలు కూడా దొరుకుతాయి, కానీ పెన్నును రోజూ వాడుతూ, క్రమం తప్పకుండా కడుగుతూ ఉండాలి. లేకపోతే లోపల గడ్డకట్టి పెన్ను పాడవుతుంది.

పెన్సిల్‌ను చిన్నచూపు చూడకండి. నటరాజ్, అప్సర పెన్సిళ్లలో ఉండే గ్రాఫైట్ ఒక రకం కర్బనమే, దానికి ఎండ అంటదు, నీళ్లు తగిలినా కారదు. మన తాళపత్రాల మీద గంటంతో గీసి మసి పూసిన అక్షరాలు వందల ఏళ్ల తర్వాత కూడా నల్లగా కనిపించడానికి కారణం కర్బనమే. పెన్సిల్ రాత రాపిడికి మాత్రం చెదురుతుంది, కాబట్టి రోజూ తిరగేసే పుస్తకానికి కాకుండా, పెట్టెలో పెట్టి దాచే కాగితాలకు వాడండి.

పైలట్ ఫ్రిక్సియన్ లాంటి చెరిగిపోయే జెల్ పెన్నులు ప్లానర్‌కు చాలా బాగుంటాయి, డైరీకి మాత్రం అసలు వాడకూడదు. వాటి సిరా వేడికి కనిపించకుండా పోయే రకం. వెనకున్న రబ్బరుతో రుద్దితే ఆ రాపిడి వేడికే మాయమవుతుంది. సుమారు 60 డిగ్రీల వేడి చాలు. మే నెల మధ్యాహ్నం ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద అంత వేడి రావడం మన ప్రాంతంలో మామూలే. ఏడాది రాసుకున్నదంతా తెల్ల కాగితమైపోతుంది. సున్నాకు పది ఇరవై డిగ్రీల కింద చల్లబరిస్తే రాత తిరిగి కనిపిస్తుంది కానీ, దాని మీద ఆశ పెట్టుకుని డైరీ రాయలేం కదా. చెక్కుల మీద, దరఖాస్తుల మీద కూడా ఈ పెన్ను వాడకండి.

మీ పెన్ను ఏ రకమో తెలియకపోతే ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక చీటీ మీద నాలుగైదు పెన్నులతో పేర్లు రాసి, ఒక రోజు ఆరనిచ్చి, ఒక్కో చుక్క నీళ్లు వేసి అద్దండి. ఇంకో చీటీ మీద అవే పేర్లు రాసి, సగాన్ని నల్ల కాగితంతో కప్పి, ఎండ పడే కిటికీకి అంటించి నెల తర్వాత విప్పి చూడండి. షాపువాళ్లు చెప్పే మాటకన్నా ఈ రెండు చీటీలను ఎక్కువ నమ్మొచ్చు.

జ్ఞాపకాలకి: ఇక్కడ బేరం వద్దు

డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే ఇక్కడే అంటాను. ఫొటో, శుభలేఖ, ఉత్తరం మళ్లీ దొరకవు.

ముందు వద్దనేవి చెప్పేస్తాను. జిగురు పూసిన పేజీ మీద ఫొటో పెట్టి పైన ప్లాస్టిక్ పొర కప్పే ఆల్బమ్‌లు ఒకప్పుడు ప్రతి ఇంట్లో ఉండేవి. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు రంగుకు మారి ఫొటోను పట్టేస్తుంది. మీ ఇంట్లో అలాంటివి ఉంటే లాగకండి. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే సన్నటి దారం తీసుకుని, ఫొటో వెనక నెమ్మదిగా రంపంలా ఆడిస్తూ విడదీయాలి. ఊడి రాకపోతే ముందు ఆ పేజీని అలాగే ఫొటో తీసి లేదా స్కాన్ చేసి ఉంచుకోండి. కొత్తగా విప్పగానే ఘాటుగా ప్లాస్టిక్ వాసన కొట్టే ఆల్బమ్‌లు సాధారణంగా పీవీసీతో చేసినవి. అవి కాలక్రమంలో ఫొటోకు హాని చేసే వాయువులు వదులుతాయి, ఫొటోలు వాటికి అతుక్కుంటాయి. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ జేబులున్న ఆల్బమ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. పేజీలు నల్లవైనా, తెల్లవైనా యాసిడ్ లేని కాగితమని రాసి ఉంటే ఇంకా మంచిది. మామూలు న్యూస్‌ప్రింట్ లాంటి కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, పాత పేపర్ కటింగ్‌లు పచ్చబడి పెళుసెక్కడానికి అదే కారణం. పాండిచ్చేరి అరవిందాశ్రమం వాళ్లలాగా నూలు గుడ్డ పీచుతో చేత్తో చేసే కాగితంలో ఆ బెడద లేదు. స్క్రాప్‌బుక్ సొంతంగా కట్టించుకునేవాళ్లు అలాంటి కాగితాన్ని చూడొచ్చు.

ఇప్పుడు పద్ధతులు. జేబుల ఆల్బమ్‌లో 4×6 అంగుళాల ఫొటో ప్రింట్లు, వాటి పక్క జేబుల్లో అదే సైజు కార్డు మీద రాత, ఈ పద్ధతిని నేను అందరికన్నా ముందు పనిలో తీరిక లేనివాళ్లకు చెబుతాను. జిగురు అక్కర్లేదు, కత్తెర అక్కర్లేదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పన్నెండు అంగుళాల చదరపు స్క్రాప్‌బుక్ అందంగా ఉంటుంది కానీ మన బీరువా అరల్లో పట్టదు, సామాను కూడా ఇక్కడ తక్కువగా దొరుకుతుంది. ఏ4 సైజు చాలు. పెళ్లిళ్లకు స్టూడియోవాళ్లు ఇచ్చే కరిజ్మా ఆల్బమ్ చూడ్డానికి ఘనంగా ఉంటుంది. కానీ అందులో పేర్లు, మాటలు రాసుకునే చోటు ఉండదు. ముప్పై ఏళ్ల తర్వాత ‘ఈ పక్కన నిలబడ్డ పెద్దాయన ఎవరు?’ అని మనవరాలు అడిగితే చెప్పేవాళ్లు ఉండకపోవచ్చు. అందుకే పెళ్లి ఆల్బమ్‌తో పాటు ఒక సన్నటి నోట్‌బుక్ కూడా పెట్టండి. పేజీ నంబరు, ఎడమ నుంచి కుడికి పేర్లు, చుట్టరికం, ఊరు రాసి ఉంచండి. బామ్మలు, తాతయ్యలు, పెద్దమ్మలు ఉన్నప్పుడే వాళ్ల పక్కన కూర్చుని రాయించుకోవాల్సిన పని ఇది.

ప్రింట్ల విషయంలో ఫొటో ల్యాబ్‌లో తీసే వెండి లవణాల ప్రింట్ చాలాకాలం నిలుస్తుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ నీటి రంగుల సిరా వాడేదైతే తేమకు పాకుతుంది, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర ప్రాంతాల్లో మరీ ఎక్కువ. తీయగానే ఫొటో చేతికొచ్చే ఇన్‌స్టాక్స్ మినీ కెమెరా ఫొటోలు పిల్లలకు ఎంతో సరదా. బొమ్మ పడే చోటు 62×46 మిల్లీమీటర్లే కాబట్టి డైరీ పేజీలో చక్కగా సర్దుకుంటాయి. వాటిని గోడకు, ఫ్రిజ్‌కు అంటించకండి, వెలుతురుకు రంగు తగ్గిపోతుంది. ఫొటో వెనక బాల్ పెన్నుతో నొక్కి రాస్తే ముందుకు గుంటలు కనబడతాయి. పిగ్మెంట్ సిరా పెన్నుతో అంచున తేలిగ్గా రాయండి, పూర్తిగా ఆరాకే ఇంకో ఫొటో మీద పెట్టండి.

టికెట్లు, రసీదుల దగ్గర చాలామంది నష్టపోతారు. ఆర్టీసీ బస్సులో మెషిన్ ఇచ్చే టికెట్, ఏటీఎం చీటీ, హోటల్ బిల్లు వేడికి రంగు మారే కాగితం మీద పడతాయి. వాటికి సిరా ఉండదు. కొన్నాళ్లకు అవి తెల్లబడిపోతాయి, ప్లాస్టిక్ కవర్లో పెడితే ఇంకా త్వరగా. ల్యామినేషన్ చేయిస్తే ఆ వేడికి మొత్తం నల్లగా మారిపోతుంది. తిరుపతి వెళ్లొచ్చిన బస్సు టికెట్‌ను దాచుకోవాలనుకుంటే ఇంటికి రాగానే జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ను ఆల్బమ్‌లో పెట్టండి. జిరాక్స్ పొడిలోనూ కర్బనం ఉంటుంది కాబట్టి అది నిలుస్తుంది.

శుభలేఖలకు నాలుగు మూలలా పసుపు రాసి ఇస్తారు కదా, ఆ పసుపు పక్క కాగితానికి అంటుతుంది. మధ్యలో బటర్ పేపర్ వేసి విడిగా జేబులో పెట్టండి. పాత ఇన్‌లాండ్ లెటర్లు, పోస్టుకార్డులు ఒకదానిమీద ఒకటి మడతలతో ఉంచితే మడత దగ్గర తెగుతాయి. విప్పి, చదునుగా చేసి, ఫైలు జేబుల్లోకి మార్చండి. సెల్లో టేపు ఎక్కడా వాడకండి. అది పచ్చబడి, జిగురు కాగితంలోకి దిగి, మరక శాశ్వతంగా ఉండిపోతుంది. అంటించక తప్పదనుకుంటే ఫొటో మూలలకు పెట్టే కాగితపు త్రికోణాలు వాడితే ఫొటోకు జిగురే తగలదు. కాగితాన్ని కాగితానికి అంటించడానికి గ్లూ స్టిక్ పల్చగా రాస్తే చాలు. ఫెవికాల్ ఎక్కువైతే పేజీ ముడతలు పడుతుంది.

వాషీ టేపు అనే రంగుల కాగితపు టేపు, స్టిక్కర్లు, స్టాంపులు సరదాకి బాగుంటాయి, అంచులకు వాడుకోండి. ఫొటోల మీదకు, రాత మీదకు రానివ్వకండి. ఈ కోవ సామానుకు హైదరాబాద్ బేగంబజార్ లాంటి హోల్‌సేల్ వీధుల్లో రిటైల్ షాపుల కన్నా బాగా తక్కువ పడుతుంది.

వెయ్యి రూపాయలే ఉంటే

ప్లానర్‌కు వంద దాటనివ్వను. గోడ క్యాలెండర్, మామూలు నోట్‌బుక్ సరిపోతాయి. రెండు పిగ్మెంట్ సిరా పెన్నులకు రెండు వందలు, జిరాక్స్ షాపులో కట్టించుకునే డైరీకి రెండు మూడు వందలు. మిగిలినదంతా జేబుల ఆల్బమ్‌కూ, ల్యాబ్ ప్రింట్లకూ. ఫోన్‌లో వేల ఫొటోలు ఉన్నా ఏడాదికి ముప్పై నలభై ఎంచి ప్రింట్ తీయిస్తే చాలు, ఎంచడమే పెద్ద పని. కాలేజీ పిల్లలకు కానుకగా ఇవ్వాలంటే ఫౌంటెన్ పెన్ను, 8 మిల్లీమీటర్ల గీతల పుస్తకం కలిపి ఇవ్వండి. కొత్తగా అమ్మానాన్నలైనవాళ్లకు జేబుల ఆల్బమ్, కార్డులు. రిటైరైన పెద్దవాళ్లకు పెద్ద గీతల లాంగ్ నోట్‌బుక్, బాగా నడిచే 0.7 పెన్ను ఇచ్చి, వాళ్ల ఊరి సంగతులు రాయమని అడగండి. పల్చటి ఖరీదైన జపాన్ కాగితం వాళ్లకు వద్దు, వెనక రాత నీడ కళ్లకు ఇబ్బంది.

దాచే చోటు

ఎంత మంచి ఆల్బమ్ అయినా అటక మీద పెడితే వేడికి, కింది అరలో పెడితే తేమకు పాడవుతుంది. ఎండ పడే బయటి గోడకు ఆనించని బీరువాలో, మధ్య అరలో నిలబెట్టి ఉంచండి. తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టి, వానాకాలంలో మారుస్తూ ఉండండి. కలరా ఉండలు బట్టల దగ్గర సరే, ఆల్బమ్‌ల దగ్గర వద్దు. ఆ ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. వేపాకు పెట్టాలనుకుంటే బాగా ఎండినది, అర మూలలో పెట్టండి, పుటల మధ్య కాదు. ఏడాదికి రెండుసార్లు బయటికి తీసి తిరగేస్తే పురుగు, బూజు ముందే కనబడతాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడు సామాను కన్నా ఫొటోల కోసం బాధపడ్డవాళ్లు ఎందరో. అలాంటి చోట్ల ఉండేవాళ్లు ఆల్బమ్‌లు నడుము ఎత్తు కన్నా పైన ఉంచాలి, ముఖ్యమైనవి స్కాన్ చేసి వేరే ఊళ్లో ఉన్న పిల్లల దగ్గరా, చుట్టాల దగ్గరా ఒక కాపీ పెట్టాలి. ఒకవేళ తడిస్తే ఫొటోలు ఒకదానికొకటి అతుక్కున్నాయని లాగకండి, ఎండబెట్టకండి. ఆరకముందే చల్లటి శుభ్రమైన నీళ్లలో మెల్లగా ముంచి ఒక్కొక్కటీ విడదీసి, బొమ్మ పైకి ఉండేలా శుభ్రమైన గుడ్డ మీద నీడలో పరచండి. ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి. ఒక్క రోజులో అన్నీ చేయలేకపోతే మిగతావాటిని మధ్య మధ్య బటర్ పేపర్ వేసి, జిప్ కవర్లో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే చెడిపోవడం ఆగుతుంది, తీరిక దొరికినప్పుడు కొన్ని కొన్నిగా తీసి ఆరబెట్టుకోవచ్చు. తడిసిన పాత ఆల్బమ్‌లోకి మాత్రం వాటిని తిరిగి పెట్టకండి.